నిద్రపోని చేపలకు కావలివాడు

నికానోర్ ఎవరినీ నమ్మడు. మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది. కోడిగుడ్డు కొంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి మరీ చూస్తాడు. చక్కెర ఫ్యాక్టరీ కాటా మీద చెరుకు బండి ఎక్కించే ముందు తనే ఎక్కి నిలబడి, తన బరువు సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకునేవాడు. చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళినా, పాదిరి గారు బయట చెప్పేస్తారేమోనని సగమే చెప్పి వస్తాడని వాళ్ళావిడ ఒతీలియా అంటుంది. మిగతా సగం ఏమిటో ఆవిడకి కూడా తెలియదు.

అందుకే మా ఊరి సంఘం పందొమ్మిదేళ్ళ కిందట గుహ తాళం చెవి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. ఎవరినీ నమ్మనివాడికన్నా మంచి కావలివాడు ఎక్కడ దొరుకుతాడని అందరం అనుకున్నాం.

చెరుకు తోటలు దాటి ఎల్ అబ్రా కొండ వాలు ఎక్కితే గుహ నోరు కనిపిస్తుంది. ఇనప గేటు తీసి జారుడు రాళ్ళ మీద అరగంట దిగితే మడుగు. ఆ మడుగులో చేపలు లేత గులాబీ రంగులో, లోపలి ఎముకలు కనపడేలా ఉంటాయి. వాటికి కళ్ళు లేవు. కళ్ళు ఉండాల్సిన చోట చర్మం సాఫీగా మూసుకుపోయి ఉంటుంది. చిన్నప్పుడు చూసి భయపడతాం, పెద్దయ్యాక మరిచిపోతాం. నికానోర్ మాత్రం మరిచిపోలేదు.

ఆ మడుగు అంచున ఓ రాతి గడప ఉంది. అతని తాత ప్రిసిలియానో కాలం నుంచీ అక్కడ ఒక పద్ధతి. గుహకి ఒక ఇంటాయన ఉన్నాడు, వాన పంపేది ఆయనే. ఎవరింటికైనా తలుపు తట్టి వెళతాం, వట్టి చేతుల్తో వెళ్ళం. అందుకని గడప రాతి మీద మూడుసార్లు తట్టి, పచ్చి మొక్కజొన్న పిండి ముద్ద ఒకటి చిదిపి నీళ్ళలో వదలాలి. పరాయివాళ్ళు చూస్తుండగా చేయకూడదు. నికానోర్ సోమవారం, గురువారం పొద్దున్నే గేటు చూసుకోవడానికి వెళ్ళేవాడు. వెళ్ళే ముందు ఒతీలియా పిండి గిన్నెలోంచి ముద్ద తీసి జేబులో వేసుకునేవాడు. జేబులో రుమాలు పెట్టుకున్నంత మామూలుగా.

అతని అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. తండ్రి కాలంలో కొందరు లారీ వేసుకొచ్చి పాల క్యాన్ల నిండా చేపలు పట్టుకెళ్ళారు. ఆ తండ్రి రెండు రోజులు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాళ్ళకి లాంతరు పట్టాడు. మీ ఊరి పేరు అద్దాల తొట్ల మీద రాయిస్తాం, ఫోటో పంపిస్తాం అని వాళ్ళు మాటిచ్చారు. ఉత్తరాలాయన సైకిలు గంట వినిపించినప్పుడల్లా ఆ తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. చచ్చిపోయేదాకా నిలబడ్డాడు. అది చూస్తూ పెరిగినవాడు నికానోర్.

అలాంటివాడి దగ్గరికి నాలుగేళ్ళ కిందట రాజధాని నుంచి డాక్టర్ అంపారో వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వీపున తనకన్నా బరువైన సంచి. యూనివర్సిటీ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కాగితాలు అంత సక్రమంగా ఉండడమే నికానోర్‌కి నచ్చలేదు.

"ఏం చూడ్డానికొచ్చారు, డాక్టరమ్మా?"

"నిద్ర, డాన్ నికానోర్," అంది. మా వైపు మగవాళ్ళని 'గారు' అన్నట్టు 'డాన్' అని పిలుస్తారు.

"ఎవరి నిద్ర?"

"చేపలదే. అవి నిద్రపోతాయా, పోతే ఎంతసేపు పోతాయి అని."

నికానోర్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పేవాళ్ళు కాస్త మంచి అబద్ధం చెప్పాలి కదా, ఇంత చేతకాని అబద్ధం తనకే ఎందుకు చెప్తోందని అతనికి రోషం వచ్చింది.

ఆమె మాత్రం ఓపిగ్గా చెప్పింది. "ఏట్లో కళ్ళున్న సార్దీనా చేప ఉందే, ఇదీ అదీ ఒక తాత మనవలే. వేల ఏళ్ళ కిందట వరదకి కొన్ని గుహలోకి కొట్టుకొచ్చాయి. చీకట్లో కళ్ళతో పని లేదు, అవి పోయాయి. విచిత్రం ఏంటంటే నిద్ర కూడా పోయింది. ఏటి చేప రాత్రంతా పడుకుంటుంది. ఇది రోజు మొత్తం మీద రెండు గంటలు పడుకుంటే గొప్ప. ఎప్పుడూ తిండి వెతుక్కుంటూనే ఉంటుంది."

"అయితే?"

"పట్నంలో మా తొట్లలో ఏటి చేపనీ గుహ చేపనీ జత కలుపుతాం. వాటి మనవల్లో రకరకాలుగా పుడతాయి. కొన్నిటికి కళ్ళుంటాయి, నిద్ర ఉండదు. కొన్నిటికి నిద్ర ఉంటుంది, కళ్ళుండవు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ జన్యువు దేనికి కారణమో తెలుస్తుంది. కానీ తొట్లో నిద్ర వేరు, సొంత ఇంట్లో నిద్ర వేరు కదా. అందుకే ఇక్కడ కెమెరా పెడతానంటున్నా."

"చేప పడుకుందో లేదో కెమెరాకెలా తెలుస్తుంది? కళ్ళు మూసుకోడానికి దానికి కళ్ళే లేవే!"

"నిమిషం పైగా కదలకుండా ఉంటే, చిన్న రాయి పడేసినా వెంటనే ఉలిక్కిపడకపోతే, అది నిద్రే."

"అలాగైతే మా సంఘం పెద్ద అబుందియో మీటింగులో మూడు గంటలు నిద్రపోతాడు. రాయి కాదు, కుర్చీ విసిరినా కదలడు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఆ శనివారం మంగలి దుకాణంలో తన అనుమానం బయటపెట్టాడు. "ఇంత దూరం చేపకి జోల పాడ్డానికి వచ్చిందనుకుంటున్నారా? నిద్ర లేకుండా బతకడం ఎలాగో కనిపెడితే అది ఎవరికి కావాలి? చక్కెర ఫ్యాక్టరీకి! బిళ్ళ చేసి కాఫీలో కలిపి కోత కూలీలకి పోస్తారు. ఆర్నెల్లు కోత, ఒక్క కునుకు ఉండదు. నేను చెప్పానని మటుకు అనకండి." మర్నాటి నుంచి వారం రోజులు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊరికే ఇచ్చే కాఫీ ఎవరూ ముట్టలేదు. అది నికానోర్ చెప్పాడని ఒక్కరూ అనలేదు, అనక్కర్లేకపోయింది.

సంఘం అనుమతి ఇచ్చింది గానీ ఒప్పందం రాయించినవాడు నికానోర్. మడుగులోంచి ఎవరూ ఏదీ తీయకూడదు, మడుగులో ఎవరూ ఏదీ వేయకూడదు. ఊరివాళ్ళయినా పరాయివాళ్ళయినా మాట తప్పినవాళ్ళు మళ్ళీ గేటు లోపల అడుగు పెట్టకూడదు. 'ఊరివాళ్ళయినా' అన్న మాట డాక్టరమ్మకి అనుమానం రాకుండా తనే తెలివిగా చేర్పించాడు. కింద మొదటి సంతకం అతనిదే. తాత చేసిన పని ఆ మాట కిందికి వస్తుందని అతనికి తోచలేదు. నిజం చెప్పాలంటే మాలో ఎవరికీ తోచలేదు. గుమ్మం ముందు నీళ్ళు చల్లుకోవడం ఎవరైనా ఒప్పందంలో రాసుకుంటారా?

ఆ తర్వాత నాలుగేళ్ళు అతను ఆమెని కాపలా కాసిన తీరు చెప్పుకోవాలి. లోపలికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు సంచి విప్పించేవాడు. ప్రతి సీసా మూత తీసి వాసన చూసేవాడు, ఒకసారి అలా చూసి మధ్యాహ్నం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. తాళం మీద బూడిద రాసి, తను లేనప్పుడు ఎవరి వేలి గుర్తులైనా పడ్డాయేమో చూసుకునేవాడు. ఆమెతో దిగేటప్పుడు, "ఆగండి, ముందు రాళ్ళు ఎలా ఉన్నాయో చూసొస్తా" అని తను ముందు వెళ్ళి గడప దగ్గర పని చక్కబెట్టుకుని అప్పుడు కేకేసేవాడు. కెమెరా మడుగు అవతలి వైపు, వెడల్పైన చోటికి గురిపెట్టి ఉండేది. గడప దానికి కనపడదు.

ఆమె కొలతలు ఆమె తీసుకుంది. గుహ చేపలు నిజంగానే నిద్రపోవడం లేదు. మూడో ఏడు ఒకనాడు కాఫీ తాగుతూ అడిగింది.

"డాన్ నికానోర్, సోమవారం, గురువారం పొద్దున ఇక్కడ ఏమన్నా జరుగుతుందా?"

అతను కప్పు కింద పెట్టాడు. "ఎందుకలా అడుగుతున్నారు?"

"ఆ రెండు రోజులూ పొద్దున అరగంట చేపలన్నీ కెమెరాకి కనపడకుండా ఒకవైపు పోతున్నాయి. పగలూ రాత్రీ తెలియని చేపలకి వారం ఎలా తెలుస్తోందో నాకు అంతుపట్టట్లేదు."

నికానోర్‌కి మాత్రం అంతా పట్టేసింది, తప్పుగా. తను ఏ రోజుల్లో వస్తాడో కూపీ లాగి, రాని రోజుల్లో దొంగతనంగా దూరాలని ఈవిడ ప్లాను. "ఏం జరగదు. నాకు ఫలానా రోజని ఏం లేదు. బుద్ధి పుట్టినప్పుడొస్తా," అన్నాడు తడుముకోకుండా.

"చూడ్డానికొచ్చేవాళ్ళు తిండేమన్నా వేస్తారా?"

"నా ముందా? ఒక్క గింజ వెయ్యమనండి, చెయ్యి విరగ్గొడతా!"

అది అబద్ధం కాదు. ఆమె రాసుకుంది. ఆ సోమ, గురువారాల వింత మీద పెద్ద వ్యాసమే రాస్తున్నానని, అచ్చయితే ఒక ప్రతి అతనికి పంపిస్తానని చెప్పింది. పంపిస్తానన్న మాట వినగానే అతని అనుమానం రెట్టింపయింది.

ఈ ఏడు మార్చిలో ఒక ఆదివారం నికానోర్ తాటాకు కప్పు సరిచేస్తూ కింద పడ్డాడు. మోకాలు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టి, ఐదు వారాలు మంచం దిగొద్దన్నారు. తాళం చెవి తీసుకెళ్ళడానికి అబుందియో వచ్చాడు. అబుందియో నికానోర్ కూతురికి జ్ఞానస్నానం చేయించిన తండ్రి, అందుకని ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు.

"కొంపాద్రే, ఆవిణ్ణి ఒంటరిగా వదలకు. సంచి చూడు. సీసాలు చూడు," అని నికానోర్ పదిసార్లు చెప్పాడు.

"సరేలేవయ్యా, సంఘం పెద్దని కదా నేను. పెళ్ళి మధ్యవర్తిలా ఒకే మాట పదిసార్లు చెప్పకు."

తలుపు తట్టడం, ముద్ద వదలడం గురించి నికానోర్ ఏమీ చెప్పలేదు. అబుందియో కూడా ఈ ఊరివాడే, ఆ మాత్రం తెలీదా అనుకున్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో తాళం చెవి తిరిగి తీసుకుని, కర్ర పట్టుకుని మళ్ళీ గుహ దిగాడు నికానోర్. కాలు సహకరించక ముందు డాక్టరమ్మనే వెళ్ళనిచ్చాడు. కుంటుకుంటూ గడప దగ్గరికి చేరేసరికి ఆమె మడుగు పక్క నిలబడి ఉంది. ఆమె దీపం వెలుగులో చేపలు కనిపించాయి. ఒక్కటీ తిరగడం లేదు. నీళ్ళలో ఎక్కడివక్కడ వేలాడేసినట్టు ఆగిపోయి ఉన్నాయి. ఆమె గులకరాయి పడేసింది. ఒకటి రెండు చేపలు నెమ్మదిగా తోక ఆడించి మళ్ళీ ఆగిపోయాయి.

"రెండు వారాల నుంచీ ఇంతే. గంటలు గంటలు నిద్రపోతున్నాయి. నాలుగేళ్ళలో ఎప్పుడూ లేదిది," అంది.

నికానోర్ కర్రతో నీళ్ళ వైపు చూపించాడు. "ఏం కలిపావు నీళ్ళలో?" అన్నాడు. డాక్టరమ్మా లేదు, మీరూ లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. "ఆ మాటే మిమ్మల్ని అడగాలని రెండు వారాలుగా ఎదురుచూస్తున్నా. గేటు తాళం ఈ ఊరి దగ్గరుంది. నా దగ్గర కాదు."

ఇద్దరూ పైకొచ్చారు. జేబులో ముద్ద అలాగే ఉండిపోయింది. పైన నికానోర్ ఆమె సంచిని రెండుసార్లు విప్పించాడు. ఆమె కూడా మొదటిసారి, "మీ జేబులో ఏముంది?" అని అడిగింది. "నా మధ్యాహ్నం తిండి," అన్నాడతను.

సాయంత్రానికి ఊరంతా పాకింది. డాక్టరమ్మ మందు పెట్టి చేపల్ని మత్తులో ముంచేసింది. చేపలయ్యాక మనమే. వాన పంపే ఇంటాయన పగబడితే చెరుకు ఏమవుతుంది? ఆదివారం సంఘం మీటింగు పెట్టి ఆమెని పంపేయాలని, కెమెరా పీకేయాలని నికానోరే అందరికన్నా గట్టిగా అరిచాడు.

శనివారం మధ్యాహ్నం డాక్టరమ్మ నికానోర్ ఇంటికి వచ్చింది. ఒతీలియా పొయ్యి దగ్గర బొకోలెస్ రొట్టెలు కాలుస్తోంది. డాక్టరమ్మ కంప్యూటర్ తెరిచి నికానోర్ ముందు పెట్టింది.

"నన్ను పంపేస్తే పంపేయండి. కానీ ఇది చూడండి. ఇవన్నీ సోమవారాలు, గురువారాలు. చేపలు ఒకవైపు పోయిన రోజులు. నాలుగేళ్ళు ఒక్కటి కూడా తప్పలేదు. మార్చి మొదటి గురువారం తర్వాత ఆగిపోయాయి. అక్కణ్ణుంచి వారం వారం నిద్ర పెరిగింది. ఇప్పుడు ఎండలకి ఏటి నీళ్ళు లోపలికి రావు, వాటికి తిండి తక్కువ. తిండి లేకపోతే ఈ గుహ చేప ఒళ్ళు పొదుపు చేసుకుంటుంది, కదలదు. మా తొట్లలో నెల రోజులు పస్తు పెట్టినప్పుడు ఇలాగే పడుకున్నాయి. అంటే అంతకుముందు వీటికి ఎవరో తిండి పెడుతున్నారు. అది ఆగిపోయింది. ఎవరో మీకు తెలుసేమోనని వచ్చా."

నికానోర్ కంప్యూటర్ మూత కిందికి దించాడు. "నాకేం తెలీదు," అన్నాడు.

ఒతీలియా పెనం మీది రొట్టె మాడిపోతున్నా తిప్పలేదు. డాక్టరమ్మ వెళ్ళాక చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"మార్చి మొదటి గురువారం తర్వాత ఆదివారం నువ్వు కప్పు మీంచి పడ్డావు."

"ఊఁ."

"సోమవారం, గురువారం నా గిన్నెలో ముద్ద తక్కువయ్యేది. పందొమ్మిదేళ్ళుగా కనిపెడుతున్నా. ఎలకలనుకున్నానేంటి?"

"అది తిండి పెట్టడం కాదే. అది ఇంటాయనకి."

"ఇంటాయన తింటే సరే. చేపలు తినేశాయేమో కనుక్కున్నావా?"

అతనికి ఒప్పందంలో తను రాయించిన మాట గుర్తొచ్చింది. వేసినవాడు ఊరివాడయినా మళ్ళీ గేటు లోపల అడుగు పెట్టకూడదు. తాళం చెవి ఉద్యోగం కాదు అతనికి. తాత నిలబడిన గడప అది, తండ్రి నిలబడిన నీళ్ళు అవి. రేపు నోరు మూసుకుంటే డాక్టరమ్మ పోతుంది, తాళం చెవి తన మొలకి ఉంటుంది. ఆ ముద్దకీ ఈ నిద్రకీ ఉన్న లంకె తనకీ ఒతీలియాకీ తప్ప ఎవరికీ తెలీదు.

"నువ్వు చెప్తావా ఎవరికైనా?" అని పెళ్ళాన్ని అడిగాడు.

ఒతీలియా అతని వైపు చూసిన చూపు ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అతను చూడనిది. "నన్ను కూడానా?" అంది. ఆ ఒక్క మాటే అని, మాడిన రొట్టె తీసి కుక్కకి పడేసింది.

ఆదివారం రేకుల షెడ్డు కిక్కిరిసిపోయింది. డాక్టరమ్మ చివరి బెంచీ మీద బూట్లతోనే కూర్చుంది. అబుందియో లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఐదు వారాలు తాళం చెవి నా దగ్గరుంది. ఆవిడ లోపల ఒక్కతే ఉండేది. ఏం పోసిందో ఏం కలిపిందో దేవుడికి తెలియాలి."

"ఒక్కతే ఎందుకుంది? నువ్వెక్కడున్నావు?" అని ఎవరో అరిచారు.

అబుందియో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను గేటు దగ్గర. లోపల జారుడు కదా. నా ఒళ్ళు చూశారుగా."

"ఒక్కసారన్నా దిగావా?"

"దిగలేదు లెండి," అన్నాడు చిన్న గొంతుతో. షెడ్డంతా నవ్వింది. నవ్వనివాడు నికానోర్ ఒక్కడే.

తర్వాత కేకలు మొదలయ్యాయి. పంపేయాలని కొందరు, కెమెరా పగలగొట్టాలని కొందరు. అందరూ నికానోర్ వైపు చూస్తున్నారు, అతను ఇంకా ఎందుకు లేవలేదని. డాక్టరమ్మ కూడా అటే చూసింది. ఆమె సంచి మూతి కట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది, వెళ్ళడానికి సిద్ధమైనట్టు. ఒప్పుకునేదీ లేదు, బతిమాలేదీ లేదు. పాల క్యాన్లవాళ్ళయితే ఇలా కూర్చునేవాళ్ళా అని నికానోర్ తనని తాను అడిగాడు. కర్ర ఆనించుకుని లేచాడు.

"ఆవిడ ఏం కలపలేదు. నీళ్ళలో వేసింది నేను."

డాక్టరమ్మ చివరి బెంచీ మీంచి లేచి నిలబడింది.

"మా తాత పద్ధతి. సోమవారం, గురువారం, పిండి ముద్ద. మీలో పెద్దవాళ్ళకి తెలుసు. నేను మంచం పట్టాక పెట్టినవాడు లేడు. కొంపాద్రే పెడతాడనుకున్నా, వాడు దిగనే లేదు. చేపలు మత్తులో లేవు, ఆకలితో ఉన్నాయి. ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేను దాచాను. ఆవిడ మనల్ని మోసం చేస్తుందేమోనని నాలుగేళ్ళు కాపలా కాశా. మోసం చేసింది నేను."

వెనక వరసలో ఓ ముసలాయన, "నేనూ వేసేవాణ్ణి చిన్నప్పుడు," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

అబుందియో దిక్కులు చూశాడు. "దాన్ని వేసినట్టు లెక్కేస్తామా, కొంపాద్రే? అది మన పద్ధతి కదా."

"ఒప్పందంలో రాయించింది నేను. ఊరివాళ్ళయినా అని రాయించా. చదువు."

అబుందియో చదవలేదు, అందరికీ కంఠతా వచ్చు. నికానోర్ మొల నుంచి తాళం చెవి విప్పి బల్ల మీద పెట్టాడు. ఒప్పందం ప్రకారం అతను మళ్ళీ గుహలోకి వెళ్ళకూడదని సంఘం తేల్చింది. డాక్టరమ్మ ఉండవచ్చు. ఇకపై ఎవరూ నీళ్ళలో ఏమీ వేయకూడదు, పద్ధతి కోసం ముద్ద గేటు బయట పెట్టాలి.

బయటికొచ్చాక డాక్టరమ్మ అతని దారికి అడ్డంగా వచ్చింది. అతను థాంక్స్ చెప్తుందనుకున్నాడు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపంతో.

"నాలుగేళ్ళు! నా లెక్కలన్నీ మీరు మేపిన చేపల మీద తీసినవి. వారం తెలిసిన చేపలని వ్యాసం రాశాను, అచ్చుకి పంపాను. రేపు వెనక్కి తీసుకోవాలి. నవ్వుతారు నన్ను చూసి. ఎవరైనా తిండేస్తారా అని అడిగానే!"

"చూడ్డానికొచ్చినవాళ్ళ సంగతడిగారు. నేను చూడ్డానికొచ్చినవాణ్ణా?"

ఆమె సంచి కిందికి దించింది. తర్వాత అంది, "సంఘాన్ని అడిగి మీకు ఒక్కసారి అనుమతి తెస్తా. ఒక్కసారి దిగాలి. ఎప్పుడూ ఏం చేస్తారో అదే చేయండి, ముద్ద ఒక్కటి తప్ప. ఆకలితో పడుకున్న చేపలు దేనికి లేస్తాయో నేను చూడాలి."

సోమవారం పొద్దున దిగారు. గేటు దగ్గర ఆమె అడక్కముందే నికానోర్ తన జేబులు రెండూ బయటికి తిప్పి చూపించాడు. టోపీ తీసి చూపించాడు. చేతికర్ర పిడి విప్పి చూపించబోతే ఆమె వద్దంది.

కెమెరాని ఈసారి గడప వైపు తిప్పారు. చేపలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. ఆమె గులకరాయి పడేసింది, ఒకటి రెండు తోకలు ఆడాయి. ఆమె బూటుతో నేల తన్నింది, ఏమీ లేదు. "ఇప్పుడు మీరు," అంది.

నికానోర్ కుంటుకుంటూ గడప మీదికి వెళ్ళి, వంగి, కర్రతో రాతి మీద మూడుసార్లు తట్టాడు.

ముందు దగ్గరలో ఉన్న ఒక చేప కదిలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మడుగంతా ఒక్కసారి వణికినట్టయి, అవతలి గట్టు నుంచి, రాళ్ళ సందుల్లోంచి, కనపడని లోతు నుంచి గుంపులు గుంపులుగా వచ్చి గడప కింద ఒకదాని మీద ఒకటి పడుతూ నోళ్ళు తెరిచాయి. అన్నీ అతని చేతి కిందే.

"దేవుడా!" అంది డాక్టరమ్మ వెనక. "మీ తలుపు చప్పుడుకి."

నికానోర్ కదలలేదు. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి అతను ఎవరినీ నమ్మలేదు. కాటాని నమ్మలేదు, పాదిరిని నమ్మలేదు, కట్టుకున్నదాన్ని నమ్మలేదు. కళ్ళు లేని ఈ ప్రాణులు పందొమ్మిదేళ్ళుగా తన చప్పుడు వింటే చాలు, చెయ్యి చాచినట్టు వచ్చేవని ఇప్పుడు తెలిసింది. ఐదు వారాలు పస్తుండి కూడా వచ్చాయి. తను వట్టి చేతుల్తో వచ్చాడు, అదే చివరిసారి.

ఆ సంగతి వాటికి ఎలా చెప్పాలో తెలియలేదు. జేబు తిప్పి చూపించడానికి వాటికి కళ్ళు లేవు. గడప మీద కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టాడు. చేపలు అతని వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, అరచేతి గీతల్లో వెతుకుతున్నాయి.

"తీసేయండి, డాన్ నికానోర్," అంది డాక్టరమ్మ మెల్లగా. "రికార్డవుతోంది."

"అవనీ, డాక్టరమ్మా," అన్నాడు. "ఏమీ లేదని అవే చూసుకోవాలి."